పొడి రేవా, మెట్టరేవా?

సందేహం: కజకిస్తాన్‌లో చైనా సరిహద్దున ఉన్న ఖోర్గోస్ సరకు హబ్ గురించిన వార్తలో 'డ్రై పోర్ట్'ని 'పొడి రేవు' అని రాశారు. నీళ్లే లేనిచోట రేవేమిటి? హబ్‌ని తెలుగులో ఏమనాలి?

సమాధానం: రేవు అనడం నాకు సమ్మతమే. నా అభ్యంతరమంతా ఆ 'పొడి' మీద.

నౌకాశ్రయం అన్నప్పుడు మనం ఓడ గురించి ఆలోచిస్తున్నాం, అది తలదాచుకునే చోటు అని. రేవు అలా కాదు. మనిషీ మూటా దిగే చోటు, ఎక్కే చోటు. సరకు ఒక బండి వదిలి ఇంకో బండి పట్టుకునే చోటు, సుంకం కట్టే చోటు కూడా. వాడరేవు పక్కనే ఉన్న మోటుపల్లికి వెళ్తే కాకతి గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. తుపానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగుల్నీ గుర్రాల్నీ రత్నాల్నీ వెనకటి రాజులు లాగేసుకునేవారట. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి వచ్చినవాళ్లు వీళ్లు, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని మాటిచ్చాడాయన. ఆ సుంకం ముప్పైకి ఒకటి. ఇంత నమ్మకం దొరికితే ఏ వర్తకుడు రాడు! తర్వాతి కాలంలో, శ్రీనాథుడి దగ్గర హరవిలాసం అంకితం పుచ్చుకున్న వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి సింహళం నుంచి ఏనుగుల్నీ, హురుమంజి నుంచి గుర్రాల్నీ, చీనా నుంచి పట్టుబట్టల్నీ తెప్పించాడని పద్యమే ఉంది. హురుమంజి అంటే ఇప్పటి హోర్ముజ్.

ఖోర్గోస్‌లో జరిగేదీ ఇదే పని. చైనా పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు, కజకిస్తాన్‌లో 1520. అదే రైలు ముందుకు పోవడం కుదరదు కాబట్టి క్రేన్లు కంటైనర్లని ఎత్తి పక్క రైలు మీద పెడతాయి. 2015లో మొదలైన ఈ రేవులో పనిచేసేవాళ్ల కోసం నుర్‌కెంట్ అనే ఊరే కట్టారు. సముద్రానికి అంత దూరాన రేవు ఒక ఊరికి అన్నం పెడుతోందంటే నాకు మహా సంతోషం.

ఇక 'పొడి'. తడిసిన బట్ట ఆరితే పొడి బట్ట. పొడి రేవు అంటే ఎండాకాలంలో నీళ్లింకిపోయిన చాకిరేవే నా కళ్లకు కడుతుంది. కాలువ నీరెక్కని నేలని మన రైతు మెట్ట అన్నాడు. తామర చెరువులో పూస్తుంది, నేల మీద పూసేది మెట్టతామర. ఇంత చక్కటి దారి ఉండగా నిఘంటువులో మొదట కనబడ్డ అర్థం తెచ్చి అతికించడం ఏం పని? పత్రికల వాళ్లు కాస్త పొలం గట్టు మీద మాటలు కూడా వినాలి. మెట్టరేవు అనండి, ఎంత బాగుందో!

అయితే ఎయిర్‌పోర్టుని మనం గాలిరేవు అనలేదు, విమానాశ్రయం అనే అన్నాం. కాబట్టి మెట్టరేవు జనం నోట నిలుస్తుందని పందెం కాయను. డ్రై పోర్ట్ అని రాసినా తప్పనను, పొడి రేవు మాత్రం వద్దు. హబ్‌కి కూడలి చాలు.