శ్రావణికి: ఆకు టీలు రుచి చూడటం గురించి

చి. శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. రకరకాల ఆకు టీలు, హెర్బల్ టీలు రుచి చూసి నేర్చుకోవాలనుంది, ఎక్కడ మొదలుపెట్టమంటావని అడిగావు. రోజుకొక రకం తాగితే ఏళ్లు గడిచినా ఏమీ పట్టుబడదమ్మా. నిన్నటి రుచి ఇవాళ్టికి గుర్తుండదు. రెండు మూడు రకాలను ఒకే బరువు, ఒకే నీళ్లు, ఒకే సమయంతో పక్కపక్కన పెట్టుకుని తాగితేనే తేడా తెలుస్తుంది.

సరంజామా తక్కువే. నగలు తూచే రకం చిన్న డిజిటల్ కాటా, లోపల తెల్లగా ఉన్న మూడు పింగాణీ కప్పులు, మూతలున్న మూడు చిన్న గిన్నెలు, సన్నటి స్టీలు జాలీ, ఫోన్లో టైమరు. చెంచా కొలతను మాత్రం నమ్మకు. ఇంట్లో వాడే సీటీసీ టీ పొడి గట్టి గుళికలుగా ఉంటుంది, రెండు గ్రాములకు చెంచా కూడా నిండదు. డార్జిలింగ్ పొడుగాకు అదే బరువుకి చెంచా మీద గుట్టగా లేస్తుంది. చెంచాతో కొలిస్తే ఒకటి చిక్కగా, ఒకటి పల్చగా వచ్చి, తప్పంతా ఆకు మీదికి నెడతావు. బంతిలా మూసుకునే జాలీలు కొనకు. పొడుగాకు తడిసి విచ్చుకోవడానికి వాటిలో చోటుండదు.

మొదటి విడతకి మూడు చాలు: అస్సాం ఆర్థడాక్స్, డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్, నీలగిరి ఆర్థడాక్స్. యాభై గ్రాములకు మించి కొనకు. ఆర్థడాక్స్ అంటే ఆకును నలిపి చుట్టి చేసేది. సీటీసీ అంటే పళ్లున్న రోలర్ల మధ్య చిదిమి, చింపి, చుట్టేసేది. ఈ పద్ధతి 1930లో అస్సాంలోనే పుట్టింది. పాలల్లో మరిగించే టీకి సీటీసీయే సరి, తక్కువ పొడితో రంగూ బలమూ ఇస్తుంది. కానీ తోటకీ తోటకీ ఉండే తేడా నేర్చుకోవాలంటే ఆకు టీయే కావాలి.

ప్యాకెట్ మీద తోట పేరు, కోత కాలం, సంవత్సరం చూడు. డార్జిలింగ్‌లో ఫస్ట్ ఫ్లష్ అంటే ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కోసింది, సెకండ్ ఫ్లష్ అంటే మే, జూన్‌లది. ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ లాంటి పొడుగాటి అక్షరాలు చూసి మోసపోకు. అవి ఆకు సైజు, చిగుళ్ల సంగతి చెబుతాయి గానీ రుచికి హామీ కావు. ఆరెంజ్ పెకో అన్నదీ అలాంటి గ్రేడు పేరే, దాంట్లో నారింజ ఏమీ ఉండదు.

ఇక పద్ధతి. టీ రుచి చూడటానికి ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. వంద మిల్లీలీటర్ల మరిగే నీళ్లకు రెండు గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. అది తాగడానికి పెట్టుకున్న లెక్క కాదు, లోపాలు బయటపడేందుకు పెట్టింది. నీకు మూడు నిమిషాలు చాలు. గిన్నెను ముందు వేడినీళ్లతో తొలిచి వంపెయ్. ఆకు వేసి, తెర్లుతున్న నీళ్లు పోసి, వెంటనే మూత పెట్టు. టైము కాగానే ఆఖరి బొట్టు దాకా వడగట్టు. అడుగున కాస్త వదిలేస్తే అది దిగుతూనే ఉంటుంది, అదే ఆకుతో రెండోసారి పెట్టే టీ చేదెక్కుతుంది.

వడగట్టాక కప్పు జోలికి వెళ్లకు, ముందు మూత తీసి లోపలివైపు వాసన చూడు. ఆవిరి బొట్లలో నిలిచిన వాసన చల్లారేకొద్దీ మారుతుంది. మొదట పచ్చి ఆకు వాసన, కాసేపటికి పువ్వు వాసనో పండు వాసనో, ఆఖరికి కాల్చిన వాసన. తర్వాత తడి ఆకును తెల్ల సాసర్లో పరిచి చూడు. మంచి అస్సాం ఆకు రాగి రంగులో మెరుస్తుంది. ముదురు గోధుమ రంగులో జీవం లేకుండా ఉంటే ఆకు ఎక్కువ పులిసిందనో (నలిపిన ఆకు గాలి తగిలి రంగు మారడాన్నే టీలో పులియడం అంటారు), ఆరబెట్టేటప్పుడు మాడిందనో అనుమానించు. డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ కొన్నావనుకో, బ్లాక్ టీ అని రాసి ఉన్నా తడి ఆకులో పచ్చదనం కనిపిస్తుంది. కోసిన ఆకును బాగా వడలబెట్టి తేమ లాగేస్తారు కాబట్టి అది పూర్తిగా పులవదు. అది లోపం కాదు.

డికాషన్ గోరువెచ్చన కన్నా కాస్త ఎక్కువ వేడిగా ఉన్నప్పుడు చెంచాతో తీసుకుని చప్పుడయ్యేలా జుర్రు. గాలితో కలిసి నోరంతా పరుచుకుంటేనే వాసన ముక్కుదాకా ఎక్కుతుంది. పల్చని రుచులు ముందు, బలమైనవి చివర. ఒక్కసారి నాలుగు రకాలకు మించొద్దు. ఆవకాయ తిన్న గంటలో కూర్చోకు. మధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని మరమరాలు చాలు.

వగరునీ చేదునీ విడదీయడం అన్నిటికన్నా ముందు పట్టుబడాలి. చేదు నాలుకకు తెలిసే రుచి. వగరు పచ్చి అరటికాయ కొరికినట్టు బుగ్గలనీ చిగుళ్లనీ పట్టేస్తుంది. మంచి బ్లాక్ టీలో వగరు ఉండి తీరాలి, అది ఒక క్షణం పట్టి వదిలేయాలి. పట్టుకుని వదలకపోతే సమయం ఎక్కువైంది, నిమిషం తగ్గించి మళ్లీ పెట్టు. రెండూ లేక చప్పగా ఉంటే నీళ్లు చాలినంత వేడిగా లేవు, లేదా ఆకు పాతబడింది.

గ్రీన్ టీ బాగోదని వదిలేసేవాళ్లలో చాలామంది దాన్ని మరిగే నీళ్లతో చెడగొట్టుకున్నవాళ్లే. ఆ వేడికి చేదు, వగరు పదార్థాలు ఒక్కసారిగా దిగిపోతాయి. థర్మామీటరు అక్కర్లేదు. రెండు వంతుల మరిగే నీళ్లకు ఒక వంతు గది నీళ్లు కలిపితే డెబ్బై అయిదు డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది. రెండు గ్రాములకు నూట యాభై మిల్లీలీటర్లు, రెండు నిమిషాలు. జపాన్ సెంచా లాగా ఆవిరి పట్టిన ఆకైతే ఒక్క నిమిషమే. ఒకే గ్రీన్ టీని ఒక గిన్నెలో ఇలా, ఇంకో గిన్నెలో మరిగే నీళ్లతో పెట్టి చూడు. ఆ ఒక్క పరీక్ష నేర్పేది ఇంకేదీ నేర్పదు.

బోరు నీళ్లతో పెడితే డికాషన్ మీద సన్నటి పొర కడుతుంది, రంగు మసకబారుతుంది. నీళ్లలోని సున్నపు లవణాల వల్ల అది. ఫిల్టర్ చేసిన నల్లా నీళ్లు వాడు.

హెర్బల్ టీల లెక్క వేరు. అవి టీ మొక్కవి కావు, కాబట్టి గ్రాములూ నిమిషాలూ ఒక్కోదానికి ఒక్కోటి. ఆయుర్వేదం ఎప్పుడో ఈ తేడా పెట్టింది: వేడినీళ్లు పోసి నానబెట్టి వడగట్టేది ఫాంటం, మరిగించి ఇగరబెట్టేది క్వాథం. తులసి, పుదీనా, నిమ్మగడ్డి లాంటి మెత్తని ఆకుల వాసన నూనెల్లో ఉంటుంది, మరిగిస్తే ఎగిరిపోతుంది. మరిగే నీళ్లు పోసి మూత పెట్టి అయిదారు నిమిషాలు ఉంచు, మూత కింది బొట్లను కప్పులోనే వంపు. అల్లం, దాల్చినచెక్క, సొంఠి లాంటి గట్టివాటిని చితక్కొట్టి సన్నసెగ మీద పది నిమిషాలు కాయాలి. సోంపు, ధనియాలను అప్పటికప్పుడు నలుపు, ముందే నలిపి ఉంచితే వాసన పోతుంది.

కొట్టులో హైబిస్కస్ టీ అని అమ్మే ఎర్రటి రేకులు చాలావరకు మన పెరటి మందారం కాదు, ఎర్ర గోంగూరవి. పువ్వు రాలాక కాయను కప్పి ఉండే ఎర్రటి, కండగల తొడిమ రేకులు అవి. ఈజిప్టు, సూడాన్లలో కర్కదే అని తాగేది దాన్నే. ఊళ్లో ఎర్ర గోంగూర వేసి ఉంటే కాయ ముదరకముందే కోయించి, లోపలి గింజల కాయ తోసేసి, రేకులను నీడలో గలగలలాడేదాకా ఆరబెట్టించు. రెండు గ్రాములకు రెండు వందల మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, అయిదు నిమిషాలు. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు తినేస్తుంది. పాలు పొయ్యకు, విరిగిపోతాయి. శంఖుపూలు రంగుకే గానీ రుచికి కాదు. నిమ్మరసం పిండితే నీలం ఊదా అవుతుంది.

మూలికలన్నీ నిరపాయం అనుకోకు. అతిమధురం రోజూ తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. గోంగూర రేకుల టీ బీపీ తగ్గిస్తుంది, కాబట్టి బీపీ మాత్రలు వాడే అత్తయ్యకి డాక్టర్నడక్కుండా ఇవ్వకు. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లకి చామొమైల్ పూల టీ వద్దు. సన్నబడే టీ అన్న ప్యాకెట్లో సునాముఖి ఉందేమో చదువు, అది విరేచనాల మందు. గర్భిణులకు ఏదిచ్చినా అడిగే ఇవ్వాలి. అసలు టీ అయినా భోజనానికి గంట ఎడంగా తాగు, అన్నంతో పాటు తాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు.

ఆకును గాలి చొరని, వెలుతురు తగలని స్టీలు డబ్బాలో పెట్టు. గాజు సీసా, ఫ్రిజ్జు రెండూ వద్దు. ఇంగువ, మసాలాలున్న అరలో అసలే పెట్టకు, ఆకు వాసన పీల్చేస్తుంది. డబ్బా మీద కొన్న తేదీ రాసుకో. ఫస్ట్ ఫ్లష్‌ను ఆ ఏడాదిలోనే అయిపోగొట్టు.

ఇట్లు,
మామయ్య