‘ఓసారి స్టేషన్‌కి వచ్చి వెళ్లండి మాస్టారూ’

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో ఫేస్‌బుక్‌లో ‘పహల్గాంలో భద్రత ఎందుకు లేదో ముందు ప్రభుత్వం చెప్పాలి. యుద్ధం వద్దు. రెండు వైపులా పోయేది పేదవాళ్ల పిల్లలే’ అని రాశాను. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో దేశద్రోహి అన్నారు. ఒకాయన ఫిర్యాదు కూడా ఇచ్చారట. కానిస్టేబుల్ ఫోన్ చేసి ఓసారి స్టేషన్‌కి వచ్చి వెళ్లమన్నాడు. పోస్టు తీసేసి క్షమాపణ రాసిచ్చేయమని మా ఆవిడ పోరు పెడుతోంది. ఆమె ప్రభుత్వ టీచరు. యుద్ధ సమయంలో మాట్లాడే హక్కు ఉండదా? అన్నట్టు, ఆ పోస్టుతో పాటు బీచ్ రోడ్డు నుంచి తీసిన నేవీ ఓడ ఫోటో కూడా పెట్టాను.

జవాబు: హక్కు ఉంటుంది మాస్టారూ. తుపాకులు పేలినంత మాత్రాన మాట్లాడే స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగంలోని 19వ అధికరణ పక్కకు పోదు. అది ఆగాలంటే యుద్ధమో, విదేశీ దురాక్రమణో కారణంగా చూపి రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించాలి. అప్పుడు 19వ అధికరణను నిలిపేసే 358వ అధికరణ అమల్లోకి వస్తుంది. చైనా యుద్ధమప్పుడు 1962లో, పాకిస్తాన్ యుద్ధమప్పుడు 1971లో అలా ప్రకటించారు. 1999లో కార్గిల్ అప్పుడు ప్రకటించలేదు, 2025 మేలోనూ లేదు. కాబట్టి మీ మాటను మామూలు రోజుల కొలతతోనే కొలవాలి.

మీ మీద పెడతారని అందరూ భయపెట్టేది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 152వ సెక్షన్. వేర్పాటు, సాయుధ తిరుగుబాటు, దేశ సమగ్రతకు ముప్పు తెచ్చే మాటలకు అది వర్తిస్తుంది. శిక్ష ఏడేళ్ల దాకా, లేదా యావజ్జీవం. ప్రభుత్వ చర్యను చట్టబద్ధంగా మార్చాలని కోరుతూ చేసే విమర్శ నేరం కాదని ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది. ఇందిరాగాంధీ హత్య జరిగిన రోజే చండీగఢ్‌లో ఒక సినిమా హాలు ముందు ఇద్దరు ఉద్యోగులు ఖలిస్తాన్ జిందాబాద్ అని అరిచారు. ఆ నినాదానికి జనం కదలలేదు, అల్లరి జరగలేదు కాబట్టి అది రాజద్రోహం కాదని 1995లో సుప్రీంకోర్టు వాళ్లను విడిచిపెట్టింది. దాని పక్కన పెడితే ‘యుద్ధం వద్దు’ ఏపాటిది? ఇక 196వ సెక్షన్, అంటే వర్గాల మధ్య ద్వేషం పెంచడం. మీరు ఏ మతాన్నీ అనలేదు. మాటను గట్టి మనసున్న మామూలు మనిషి కళ్లతో చూడాలి గానీ ప్రతిదానికీ ఉలిక్కిపడేవాడి కళ్లతో కాదని కాంగ్రెస్ నేత ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. ఇలాంటి ఫిర్యాదులొస్తే ముందు ప్రాథమిక విచారణ చేయమని పోలీసులకూ చెప్పింది.

అయితే చట్టం మన వైపున్నా, అరెస్టు ముందొచ్చి తీర్పు తర్వాత వస్తుంది. మన దగ్గర అసలు చిక్కంతా అక్కడే. 2025 మే నెలలోనే పుణేలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని ఆపరేషన్ సిందూర్ మీద ఎవరిదో పోస్టు షేర్ చేసి, కాసేపటికే తీసేసి, క్షమాపణ కూడా చెప్పింది. అయినా అరెస్టు చేశారు. బాంబే హైకోర్టు పోలీసుల్ని గట్టిగా మందలించి మే 27న విడుదల చేయమనే దాకా, రెండు వారాలకు పైగా ఆ పిల్ల కస్టడీలోనే ఉంది. అందుకే మీ ఆవిడ చెప్పిన మందు పనిచేస్తుందని నాకు నమ్మకం లేదు.

పోస్టు చెరిపేయకండి. ఫిర్యాదు ఉందని తెలిశాక చెరిపితే సాక్ష్యం మాయం చేశారంటారు. తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. కావాలంటే మీకొక్కరికే కనబడేలా ‘ఓన్లీ మీ’ (Only me) సెట్టింగ్‌కి మార్చుకోండి.

నన్ను కంగారు పెట్టింది మాత్రం మీరు ‘అన్నట్టు’ అని రాసిన ఓడ ఫోటో. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. శత్రువుకు పనికొచ్చే ఫోటోలూ సమాచారమూ అంటే 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉంది. అందులో రక్షణ సంబంధమైన వాటికి శిక్ష 14 ఏళ్ల దాకా. దేశానికి హాని చేసే ఉద్దేశం ఉండాలనుకోండి, కానీ ఆ వాదన కోర్టులో మొదలయ్యేలోగా మీ జుట్టు నెరుస్తుంది. ‘యుద్ధం వద్దు’ అనేది అభిప్రాయం, ఓడ ఎక్కడుందో చూపించేది సమాచారం. ఈ రెంటినీ ఒకే పోస్టులో పెట్టకుండా ఉండాల్సింది. ఫోటోను ఇవాళే ఎవరికీ కనబడకుండా చేయండి. ఒరిజినల్ మాత్రం ఫోన్‌లో అలాగే ఉంచండి.

కానిస్టేబుల్ ఫోన్ నోటీసు కాదు. సాక్షిగా పిలిచినా నిందితుడిగా పిలిచినా రాతపూర్వకంగా ఇవ్వాలి. ‘నోటీసు పంపండి సార్, తప్పకుండా వస్తాను’ అని మర్యాదగా చెప్పండి. నోటీసు వస్తే మాత్రం ఎగ్గొట్టకండి, లాయర్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ‘ఇకపై ఇలా రాయనని ఓ ముక్క రాసిచ్చేయండి, అయిపోతుంది’ అంటారు. రాసివ్వొద్దు. పోలీసుల ముందు దర్యాప్తులో ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదని చట్టమే చెబుతోంది. ఫోన్ తీసుకుంటే, స్వాధీనం చేసుకున్నట్టు సాక్షుల ముందు రాసే పంచనామా కాపీ అడగండి. ఎఫ్‌ఐఆర్‌లో 152 కనబడితే ఆగకుండా ముందస్తు బెయిలుకు వెళ్లండి.

మీ ఆవిడ ఉద్యోగానికి మీ పోస్టుతో మామూలుగా సంబంధం ఉండదు. ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ప్రధానంగా ఆవిడ మాటలకూ చేతలకూ వర్తిస్తుంది. కానీ ఆవిడ దాన్ని తన గోడ మీద షేర్ చేశారా? చేసి ఉంటే ఆ సంగతి నాకు విడిగా రాయండి.