మా చిట్టి ఆహారాన్ని మొదటిసారి తూకం వేసిన రాత్రి

మీ పిల్లి బరువు నాలుగు కిలోలనీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించామనీ చెప్పి, రోజుకు ఒక కప్పు డ్రై ఫుడ్ చాలునా అని అడిగారు. ఆ కప్పులో ఎన్ని గ్రాములు పడుతున్నాయో తెలియకుండా జవాబు చెప్పడం కుదరదు. ఆ సంగతి పట్టించుకోకనే మేము మా పిల్లి చిట్టిని రెండేళ్లు ఇబ్బంది పెట్టాము.

ఆపరేషన్ నాటికి చిట్టి నాలుగు కిలోలు ఉండేది. రెండేళ్లు గడిచేసరికి 5.8 కిలోలకు చేరి, అలవాటైన పిట్టగోడ కూడా ఎక్కలేక కింద నిలబడి అరిచేది. పశువైద్యుడు నా వేళ్లను దాని పక్కల మీద ఉంచి, కొద్దిగా తడిమితే పక్కటెముకలు తెలియాలని చెప్పారు. నాకు కొవ్వు తప్ప మరేమీ తగలలేదు. రోజుకు ఒక్క కప్పే పెడుతున్నామని నేను గట్టిగా చెప్పాను. ఆ రాత్రి వంటింటి కాటా మీద అదే కప్పు పెట్టి చూస్తే, అంచువరకు కొలిస్తే 60 గ్రాములు, నేను రోజూ పోసినట్లు గోపురంగా పోస్తే 78 గ్రాములు వచ్చింది. సంధ్యవేళ చిట్టి కాళ్లకు చుట్టుకుంటే అమ్మ వేసే గుప్పెడు మరో 20 గ్రాములు, నాన్నగారి కంచంలోని చేపముక్క అదనం.

పిల్లికి రోజుకు ఎంత ఆహారం కావాలో లెక్క వేయడం కష్టమేమీ కాదు. బరువును మూడుసార్లు వేసి గుణించి, రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో హెచ్చించాలి. నాలుగు కిలోలకు 64, దాని మూలం 8, మళ్లీ మూలం 2.83, అంటే సుమారు 198 కిలోకాలరీలు. ఆపరేషన్ అయిన పెద్ద పిల్లికి దానిని 1.2తో హెచ్చిస్తే దాదాపు 240 అవుతుంది. మీ ప్యాకెట్టు మీద 100 గ్రాములకు 380 కిలోకాలరీలని ఉంటే, రోజుకు 63 గ్రాములు. బస్తాలోంచి విడిగా తూచి అమ్మే ఆహారం మీద ఈ అంకె ఉండదు కాబట్టి దానిని కొనవద్దని గట్టిగా చెబుతాను. నోరు లేని జీవికి ఏమి పెడుతున్నామో తెలుసుకునే వీలు లేకుండా అమ్మడం అన్యాయం. పెరుగన్నంతోనే పెంచవచ్చుననే వారి మాట కూడా వినకండి. పిల్లికి మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం తప్పనిసరి. అది లోపిస్తే గుండె కండరం దెబ్బతింటుందని 1987లోనే తేలింది.

నేను చేసిన మరో పొరపాటు మీరు చేయవద్దు. లెక్క తెలిసిన మర్నాడే పాత ఆహారం మాన్పించి, బరువు తగ్గించే కొత్త రకం పెట్టాను. చిట్టి రెండు రోజులు ముట్టలేదు. ఆకలి వేస్తే అదే తింటుందని ఊరుకున్నందుకు డాక్టరుగారు నన్ను మందలించారు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుందట. ఆ మాట విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తరువాత పాతదానిలో కొత్తది కలుపుతూ పది రోజుల్లో మార్చాము.

ఇప్పుడు ఉదయమే రోజు మొత్తానికి సరిపడా తూచి ఒక డబ్బాలో పోస్తాను. అమ్మ గుప్పెడు కూడా అందులోంచే తీయాలి, డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు అంతే. నెలకోసారి చిట్టిని ఎత్తుకుని బరువు యంత్రం ఎక్కి, నా బరువు తీసివేసి రాసుకుంటాను. ఎనిమిది నెలల్లో అది 4.4 కిలోలకు వచ్చింది, పోయిన వారం పిట్టగోడ ఎక్కింది.