కుట్టుపని, తోటపని కూడా చదువేనా?

"మా అబ్బాయి స్కూల్లో కుట్టుపని, తోటపని మొదలుపెట్టారు. చదువు పాడవుతుందేమోనని టెన్షన్. ఇది గాంధీగారు తెచ్చిన పద్ధతేనా?" అని గుంటూరు నుంచి ఒక అమ్మ అడిగారు.

గాంధీగారు వార్ధా విద్యా సమావేశంలో, చేతిపని ద్వారా చదువు చెప్పే ఈ పద్ధతిని దేశం ముందు పెట్టింది 1937లో. ఆలోచన మాత్రం అంతకంటే పాతదండీ. బొమ్మల బదులు పనిముట్లు ఇవ్వమని ఐర్లండ్ రచయితలు ఎడ్జ్‌వర్త్ తండ్రీకూతుళ్లు 1798లోనే రాశారు.

నాకు బాగా నచ్చేది 1896లో చికాగోలో అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ పెట్టిన బడి. అక్కడ పిల్లలు పత్తికాయల్లోంచి గింజలు తీసి దూదిని వేరుచేశారు. అరగంట కష్టపడితే వచ్చింది 28 గ్రాములు కూడా లేదు! తమ పూర్వీకులు నూలుబట్టల బదులు ఉన్నిబట్టలు ఎందుకు కట్టారో అప్పుడు వాళ్లకే అర్థమైంది. చరిత్ర, లెక్కలు, యంత్రాల అవసరం అన్నీ ఆ దూదిలోనే దొరికాయి. పత్తి పండే మన జిల్లాలో ఈ పాఠం ఏ బడిలోనైనా చెప్పొచ్చు.

మన దగ్గరా 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల పుట్టింది. చదువుతోపాటు చేతిపనులూ నేర్పారు.

గాంధీగారి పద్ధతిలో నేను ఒప్పుకోలేనిది ఒక్కటే: పిల్లల పనితో బడి ఖర్చు గడవాలనడం. అలాగైతే పాఠం వెనకబడి ఉత్పత్తి ముందుకొస్తుంది.

కాబట్టి టీచర్‌ని ఇలా అడగండి: గుడ్డ కొలతలు పిల్లాడే వేస్తున్నాడా, మొక్క ఎందుకు ఎండిందో వాడే వెతుకుతున్నాడా? అవునంటే నిశ్చింతగా ఉండండి.