బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం

చి. బుజ్జికి,

నువ్వు ఓఈటీకి, అదే, నర్సులకీ డాక్టర్లకీ పెట్టే ఆ ఇంగ్లీషు పరీక్షకి, ఫీజు కట్టేశావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇంగ్లండులో వార్డు నర్సుగా చేరతానంటున్నావట. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. "అది మొండిది, నెగ్గుకొస్తుందిలే" అని నేను ధైర్యం చెప్పాను గానీ, ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. గర్వం కొంత, టెన్షన్ కొంత.

పాస్‌పోర్టు గడువు చూసుకో. సర్టిఫికెట్లన్నింట్లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో చూసుకో. ఏ ఏజెంటుకీ పైసా ఇవ్వకు, ఉద్యోగం ఇప్పించినందుకు నర్సుల దగ్గర డబ్బు తీసుకోకూడదని అక్కడి నియమం. ఇవన్నీ నీకు తెలిసినవే.

నువ్వు పంపిన ప్రాక్టీసు లెటర్ చదివాను. 45 నిమిషాల్లో కేసు నోట్సు చదివి, 180 నుంచి 200 మాటల్లో లెటర్ రాయడం చిన్న పని కాదు, బాగానే రాశావు. కానీ రెండు చోట్ల కన్సిస్టెంట్ అన్నావు. రెండు చోట్లా కాన్‌స్టంట్ ఉండాలి. "ఏముందిలే పెద్దమ్మా, రెండూ ఒకటేగా" అంటావని తెలుసు. మనం తెలుగులో నిలకడ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం, అక్కడే చిక్కు. పేపర్లో "ఆరోగ్యం నిలకడగా ఉంది" అంటే ఈ రెండూ కాదు, స్టేబుల్ అని.

మీ వీధి చివర పంపు ఉందిగా. రోజూ పొద్దున ఒకే వేళకి వచ్చి, కాసేపు పోసి ఆగిపోతుంది. అది కన్సిస్టెంట్. మీ బాత్‌రూములో వాషరు పోయి రాత్రింబగళ్లు కారే కుళాయి కాన్‌స్టంట్. మొదటిది మధ్యలో ఆగినా ప్రతిసారీ అదే తీరు. రెండోదానికి ఆగడమే లేదు.

బీపీ 164, 170, 166 వచ్చిందనుకో, అది కన్సిస్టెంట్‌గా 160 పైన ఉన్నట్టు. ఎప్పుడు చూసినా అదే అంకె వస్తే కాన్‌స్టంట్. మతిమరుపు ముదిరిన ముసలావిడకి కాన్‌స్టంట్ కేర్ కావాలి అంటే పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి. కన్సిస్టెంట్ కేర్ అంటే రోజుకో కొత్త ముఖం కాకుండా తెలిసినవాళ్లే, ఒకే పద్ధతిలో చూసుకోవాలి. నువ్వు ఒకటి అనుకుని ఇంకోటి రాస్తే డ్యూటీ చార్టే మారిపోతుంది.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. గల్ఫ్‌లో పనిచేసే రోజుల్లో నా రూమ్మేటు ఒక కడప అమ్మాయి. నెమ్మదస్తురాలు, పనిలో వంక పెట్టడానికి లేదు. ఒక రాత్రి ఆమె వార్డులో ముంజేయి విరిగి, పిండికట్టు వేయించుకున్న కూలీ అబ్బాయి ఉన్నాడు. సాయంత్రం నుంచి ఒకటే మూలుగు. ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి ఒక్క నిమిషం కూడా తెరిపి ఇవ్వలేదు. ఈమె డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి, నొప్పి కన్సిస్టెంట్‌గా ఉందని చెప్పింది. నోట్సులో కూడా అదే రాసింది. డాక్టర్ల నోట్సులో ఆ మాటకి ఇంకో అర్థం ఉంది: ఫలానా దానికి సరిపోయేలా ఉందని. ఎముక విరిగినవాడికి ఉండాల్సిన నొప్పే ఉందన్నమాట అనుకున్నాడాయన. నొప్పి మందు ఇంకో డోసు చెప్పి, పొద్దున చూస్తానన్నాడు.

తప్పంతా ఆ పదానిదే అనను. ఆయన లేచి రావాల్సింది, కనీసం ఇంకో ప్రశ్న వేయాల్సింది. అర్ధరాత్రి దాటాక రౌండుకి వచ్చిన పెద్ద సిస్టరు ఆ అబ్బాయి వేళ్లు మెల్లగా చాపి చూసింది. వాడి కేకకి వార్డంతా లేచింది. కట్టు లోపల వాపు పెరిగి కండకి రక్తం అందడం లేదు. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్, నువ్వు చదివే ఉంటావు. అలాంటప్పుడు ఒక్కో గంటకీ కండ చచ్చిపోతుంది. అప్పటికప్పుడు కట్టు కోసి, ఆపరేషన్ థియేటర్‌కి పరుగెత్తించారు. చెయ్యి దక్కింది. రెండు వేళ్లు మాత్రం మళ్లీ సరిగ్గా ముడుచుకోలేదు. మేస్త్రీ పని చేసే చెయ్యి అది.

ఆ అమ్మాయి రోజుల తరబడి అన్నం ముట్టలేదు. "నేను చూసింది నిజమే కదక్కా, చెప్పడమే రాలేదు" అనేది. ఏం చెప్పి ఓదార్చాలో నాకు తెలియలేదు.

నీ వ్యాకరణం గురించి నాకు బెంగ లేదు. రాత్రి డ్యూటీలో నువ్వొక్కదానివే ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటావు చూడు, అదే నా బెంగ. నొప్పి గురించి అడిగేటప్పుడు ఆగకుండా ఉందా, వచ్చి పోతోందా అని అడుగు. ఆగకుండా ఉంటే కాన్‌స్టంట్ అను. ఏ మాటో తేలకపోతే రెండూ వదిలెయ్. ఎప్పుడు మొదలైంది, మందిచ్చాక తగ్గిందా, నొప్పి పదికి ఎంతని చెబుతున్నాడు, ఇవి చెప్పు చాలు. వంకర టింకర ఇంగ్లీషైనా సరే. అవతలివాళ్లు విసుక్కున్నా ఫోన్ పెట్టెయ్యకు, వచ్చి చూడమని అడుగు. నీకు మొహమాటం ఎక్కువ, మీ నాన్న పోలిక.

అన్నట్టు కన్సిస్టెన్సీ అంటే పాకం చిక్కదనం లాంటిది కూడా. అక్కడి వార్డుల్లో బ్రిస్టల్ స్టూల్ చార్టు అని ఒకటుంటుంది, 1997 నాటిది, విరేచనం ఎలా ఉందో ఏడు రకాలుగా బొమ్మలు వేసి ఉంటుంది. దాన్ని చూసి నవ్వకు, రోజూ నింపాల్సింది నువ్వే.

ఈ వారంలో ఇంకో మూడు లెటర్లు రాసి ఫోటో తీసి పంపు. నేను ఎర్ర పెన్నుతో దిద్ది పంపిస్తాను. ఏడుపు ముఖం పెట్టకు. వేళకి తిను, రాత్రి రెండింటిదాకా ఫోన్ చూడకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ