38 వేలు తక్కువకు వస్తున్న కెమెరా

ప్రశ్న: మా అబ్బాయి గుంటూరులో బీకామ్ పూర్తి చేశాడు. ఏడాదిగా ఒక సీనియర్ ఫొటోగ్రాఫర్ వెంట పెళ్లిళ్లకు వెళ్తున్నాడు. ఇప్పుడు సొంతంగా చేస్తానని ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా, 24-70 లెన్స్ కొనిపెట్టమంటున్నాడు. విజయవాడ డీలర్ రెండూ కలిపి 2,36,000 చెప్పాడు. ఆన్‌లైన్‌లో ఒకతను 38 వేలు తక్కువకు ఇస్తానంటున్నాడు కానీ బిల్లు ఉండదట. సరుకు అదే అయినప్పుడు ఎక్కువ ఎందుకు పెట్టాలి?
- ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి ఏడాది పాటు బ్యాగులు మోసి, లైట్లు పట్టుకున్నాక కెమెరా అడుగుతున్నాడు. అది నాకు నచ్చింది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ముందు కెమెరా కొనేసి, పని తర్వాత నేర్చుకుందామనుకుంటారు. అందుకని కొనాలా వద్దా అన్న చర్చ పెట్టను. ఆ 38 వేల సంగతే చూద్దాం.

డిజిటల్ కెమెరాల మీద 2019 జనవరి నుంచి జీఎస్టీ 18 శాతం. డీలర్ చెప్పిన 2,36,000లో పన్నే 36 వేలు. అంటే ఆ ఆన్‌లైన్ అతను మీకు తగ్గిస్తున్నది చాలావరకు తన జేబులోది కాదు, కట్టని పన్ను. అలాంటి సరుకును గ్రే మార్కెట్ అంటారు. కెమెరా అసలుదే అయ్యుండొచ్చు, ఫొటోలూ అలాగే వస్తాయి. తేడా చెడిపోయిన రోజున తెలుస్తుంది. సర్వీస్ సెంటర్‌లో ముందు సీరియల్ నంబరు కొట్టి చూస్తారు. కంపెనీ ఇక్కడ అమ్మిన సరుకు కాదని తేలితే వారంటీ మాట అక్కడితో సరి.

నేనూ ఒకసారి ఇలాగే దెబ్బతిన్నాను. సెమినార్లు రికార్డు చేసుకోవడానికి పక్క రాష్ట్రం నుంచి 9 వేలు తక్కువకు వీడియో కెమెరా తెప్పించుకున్నాను. నాలుగో నెలలో హెచ్‌డీఎంఐ పోర్టు పోయింది. వారంటీ కార్డు తీసి చూస్తే దాని మీద షాపు ముద్రే లేదు. అమ్మినతను రెండుసార్లు ఫోన్ ఎత్తాడు, మూడోసారి నుంచి ఎత్తలేదు. రిపేరుకు 11 వేలు, ఆరు వారాలు పట్టింది. నాకది పక్క పని కాబట్టి నడిచిపోయింది. మీ అబ్బాయికి ఆ ఆరు వారాలు మాఘ, ఫాల్గుణాల్లో వచ్చాయంటే సీజనే పోతుంది.

రాత్రి రెండున్నర ముహూర్తం అనుకోండి. తెర అవతల పెళ్లికూతురు, చేతుల్లో జీలకర్ర బెల్లం, పంతులుగారు తొందరపెడుతున్నారు. సరిగ్గా అప్పుడు స్క్రీన్ మీద ఎర్రర్ వస్తుంది. బ్యాటరీ తీసి పెట్టినా అదే. ఆ క్షణాన్ని ఏ డీలరూ తిరిగి తేలేడు, దానికి రెండో కెమెరా ఉండాల్సిందే. కానీ మర్నాడు సత్యనారాయణ వ్రతం, రెండు రోజులాగి రిసెప్షన్ ఉంటాయి కదా. "అన్నా, కెమెరా బాడీ పోయింది" అని పొద్దున్నే ఫోన్ చేస్తే, పాతదో అద్దెదో చేతికిచ్చి, చెడిపోయినదాన్ని తనే సర్వీస్‌కు పంపే మనిషి కావాలి. మీరు ఎక్కువ పెడుతున్నది ఆ ఫోన్ కాల్ కోసం.

అలాగని ప్రతి షాపూ ఆ డబ్బుకు తగదు. బిల్లు కొట్టి పెట్టె చేతిలో పెట్టడం తప్ప ఏమీ తెలియనివాళ్లూ ఉన్నారు. గుంటూరు నుంచి గంట ప్రయాణమే కదా, మూఢం రోజుల్లో ఒక మధ్యాహ్నం గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు వైపు అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. షాపు గోడకు ఒక న్యూస్ పేపర్ అతికించి, లెన్స్ ద్వారం బాగా తెరుచుకునేలా ఎఫ్2.8లో పెట్టి, ట్రైపాడ్ మీద నుంచి ఎదురుగా ఒక ఫొటో తీయమనండి. ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తే నాలుగు మూలల్లో అక్షరాలు దాదాపు ఒకేలా ఉండాలి. ఎడమవైపు చక్కగా ఉండి కుడివైపు అలుక్కుపోయినట్టుంటే ఆ లెన్స్‌లో తేడా ఉన్నట్టే. అప్పుడు షాపువాడి మాట వినండి. "కంపెనీకి మెయిల్ పెట్టుకోండి" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. "ఇంకో పీసు తీసి చూద్దాం" అంటే ఆ షాపును వదలొద్దు. కెమెరా సర్వీస్‌కు ఏ ఊరు పంపుతారు, ఎన్నాళ్లు పడుతుంది, ఆలోపు అద్దెకు బాడీ ఇస్తారా అన్నదీ అక్కడే అడగండి. ధర తగ్గించమని గీచిగీచి బేరమాడేకన్నా ఇంకో బ్యాటరీ, ఏడాది పాటు ఉచితంగా సెన్సర్ క్లీనింగ్ అడగడం లాభం.

బిల్లుతో ఇంకో పని కూడా ఉంది. ముద్ర రుణాల్లో కిశోర్ విభాగం కింద 50 వేలు దాటి 5 లక్షల దాకా ఇస్తారు. బ్యాంకు మొదట అడిగేది డీలర్ కొటేషనే. రేపు రైల్లో బ్యాగు పోయినా పోలీసులకు, ఇన్సూరెన్స్ వాళ్లకు చూపించాల్సింది సీరియల్ నంబరున్న బిల్లునే.

మీకు తట్టని లాభం ఒకటుంది. సీనియర్లు బ్యాటరీలకో కార్డులకో ఇలాంటి షాపులకే వస్తారు. "రేపు తెనాలిలో పెళ్లి, రెండో కెమెరాకు ఎవరైనా ఉన్నారా?" అన్న మాట ముందుగా ఆ కౌంటర్ దగ్గరే వినిపిస్తుంది.

2,36,000 ఒకేసారి బరువనిపిస్తే బిల్లు వదులుకోవద్దు, బాడీని వాయిదా వేయండి. ముందు లెన్స్ ఒక్కటే కొనండి, అదీ సీనియర్ వాడే మౌంట్ (కెమెరాకు లెన్స్ బిగించే అమరిక)లోనే. సోనీ లెన్స్ కెనాన్‌కు, నికాన్ లెన్స్ సోనీకి నేరుగా ఎక్కవు. బాడీని పెళ్లి పెళ్లికీ అదే డీలర్ దగ్గర అద్దెకు తీసుకోమనండి. రెండు మూడు పెళ్లిళ్ల డబ్బు చేతికొచ్చేసరికి ఏ బాడీ కొనాలో వాడికే తెలిసిపోతుంది, ఆ షాపు ఎలాంటిదో మీకూ తెలుస్తుంది.