ఒక్క ఓటమీ లేని సీజన్

ప్రశ్న: అమెరికన్ ఫుట్‌బాల్‌లో సీజన్ మొత్తం ఓడకుండా సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన జట్టు ఉందాండీ?

జవాబు: ఒక్కటే ఉంది, 1972 నాటి మయామీ డాల్ఫిన్స్. కోచ్ డాన్ షూలా. ప్లేఆఫ్స్‌తో (లీగ్ దశ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లతో) కలిపి ఆడిన 17 మ్యాచ్‌లూ గెలిచారు. ఈ కథలో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు ఎర్ల్ మోరల్. ఎందుకంటే ఐదో మ్యాచ్‌లోనే మెయిన్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆటను నడిపించేవాడు) బాబ్ గ్రీసీ కాలు విరిగి బయటికెళ్లిపోతే, 38 ఏళ్ల వయసులో బెంచి మీంచి లేచొచ్చి, మిగిలిన లీగ్ మ్యాచ్‌లన్నిట్లో జట్టును నిలబెట్టింది ఆయనే. ఆయన లేకపోతే ఈ రికార్డు ఎక్కడిది? పరుగుతో బంతిని ముందుకు తీసుకెళ్లడంలో లారీ సోంకా, మెర్క్యురీ మోరిస్ ఇద్దరూ చెరో వెయ్యి గజాలు అందుకున్నారు, ఒకే జట్టులో ఇద్దరు అలా చేయడం లీగ్‌లో అదే మొదటిసారి. ఫైనల్‌లో వాషింగ్టన్‌పై 14-7, అదీ చివర్లో బాగా టెన్షన్ పెట్టాకే. 2007 సీజన్‌లో న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ వరసగా 18 గెలిచి కూడా ఫైనల్‌లో ఓడిపోయారు.